ఆఖరి దీవికి తాళం

కోపెన్‌హాగెన్,
6 ఫిబ్రవరి 2011

అక్కా,

నువ్వు పంపిన ఎండు మాంసం అందింది. పై అంతస్తు ఆవిడ కిందికి దిగి వచ్చి, మీ ఇంట్లో ఏమైనా చచ్చి పడుందా అని చాలా మర్యాదగా అడిగింది. ఒక ముక్క కోసి రుచి చూడమన్నాను. ఇంకెప్పుడైనా చూస్తానని వెళ్ళిపోయింది. ఆ మాంసాన్ని కిటికీ బయట కట్టుకున్నాను. మన ఊరి గాలి లేకపోయినా నాకు మన ఇంటి రుచే వస్తోంది.

ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్లో మనకి మూడో మాటకే పొట్లాట వస్తుంది కదా, అందుకే అమ్మ పోయినప్పటి ఒప్పందం ప్రకారం మళ్ళీ కాగితమే పట్టుకున్నాను.

మా కొత్త వీడియో గేమ్ సెప్టెంబరులో బయటికొస్తుంది. పేరు ‘పడవ టపా’. పొగమంచులో దీవి నుంచి దీవికి పడవ వేసుకుని ఉత్తరాలు పంచే మనిషి కథ. అది మన దీవుల మంచేనని నీకు చెప్పక్కర్లేదు. మూడేళ్ళు పట్టింది. ఇది ఆడకపోతే నాలుగోది, అయిదోది ఉండవు. మా గేమ్‌లకి డబ్బు పెట్టి అమ్మే కంపెనీ వాళ్ళు తేల్చి చెప్పేశారు. క్రిస్మస్ లోపల కొత్త డబ్బాలు బాగా పోతే ఇంకో గేమ్‌కి డబ్బిస్తారు, లేకపోతే పదకొండు మందిమీ ఇంటికే.

కిందటి గేమ్ ‘కొండ కాపరి’ ఎందుకు దెబ్బతిందో మొన్న కళ్ళారా చూశాను. ఒక కొట్లో రెయిన్‌కోటు వేసుకున్న ఆయన కొత్త డబ్బా తీసి బల్ల దగ్గరికి పట్టుకెళ్ళాడు. అమ్మే అమ్మాయి వెనక అరలోంచి అదే గేమ్ పాతది తీసి, ‘ఇది కాస్త చౌక, లోపల డిస్క్ ఒకటే’ అంది. ఆయన కొత్తది మళ్ళీ అరలో పెట్టేశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. కొత్తది అమ్మితే మాకు కాస్తో కూస్తో వస్తుంది, పాతది ఎన్నిసార్లు చేతులు మారినా లాభమంతా కొట్టుదే, మాకు చిల్లిగవ్వ రాదు. ఆ డిస్క్ ఇప్పటికి ఎంతమంది ఆడారో దేవుడికే తెలియాలి.

అందుకే ఈసారి ఒక తాళం పెడుతున్నాం. ఆలోచన నాదే. కొత్త డబ్బాలో చిన్న చీటీ ఉంటుంది, దాని మీద ఒక కోడ్. మెషీన్‌లో ఆ కోడ్ కొడితేనే ఆఖరి దీవి తెరుచుకుంటుంది. ఒకసారి వాడిన కోడ్ ఇంకోసారి పనిచేయదు. పాతది కొన్నవాళ్ళు ఆఖరి దీవి చూడాలంటే మాకు విడిగా డబ్బు కట్టాలి. మీటింగ్‌లో నేను లేచి, ఈ సెకండ్‌హ్యాండ్ కొట్లవాళ్ళు మన రక్తం తాగే జలగలు అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మా యజమాని కాస్పర్ ఒక్కడే కొట్టలేదు. అతను దేనికీ చప్పట్లు కొట్టడులే.

బావ ఓడ ఎప్పుడొస్తుంది?

తమ్ముడు
రోయి


క్లాక్స్‌విక్,
27 ఫిబ్రవరి 2011

రోయీ,

నీకు ఈ ఉత్తరం రాస్తున్నది ఒక జలగ.

మర్చిపోయావేమో, గుర్తు చేస్తాను. అమ్మ ఊలు కొట్టు ముందు సగంలో ఇప్పటికీ ఊలే అమ్ముతున్నాను. వెనక సగంలో, అమ్మ గుండీలు పెట్టుకున్న చోట, గేమ్‌లు అమ్ముతున్నాను. అందులో ముప్పాతిక వంతు సెకండ్‌హ్యాండ్ సరుకే. నువ్వు లోకంలో ఉన్న జలగలందరినీ తిట్టినప్పుడు సొంత అక్క మొహం ఒక్క క్షణమైనా గుర్తురాలేదంటే, నీకు పని మీద అంత ధ్యాస ఉందని సంతోషించాలి కాబోలు.

ఇక్కడ గేమ్ కొనే పద్ధతి చెబుతాను విను. జేబులోంచి నోట్లు తీసి కొత్తది కొనేవాళ్ళని నేను చేతి వేళ్ళ మీద లెక్కపెట్టగలను. మిగతావాళ్ళు ఆడేసినవి మూడో నాలుగో సంచిలో వేసుకుని తెస్తారు. నేను వాటికి వెల కడతాను. తక్కువ పడ్డది చేతి డబ్బు వేసి కొత్తది పట్టుకెళతారు. నీ ‘కొండ కాపరి’ కూడా అలా పోయిందే. అది తిరిగి నా దగ్గరికొస్తే మళ్ళీ అమ్మాను. అందులో తప్పేముందో నాకు తెలీదు. చిన్నప్పుడు నేను విడిచిన స్వెట్టరే నువ్వు వేసుకున్నావు, అప్పుడు ఊలు అల్లినావిడకి మళ్ళీ డబ్బు కట్టామా?

నువ్వు సంతోషించే మాట ఒకటుంది. చేపల ఫ్యాక్టరీలో పనిచేసే బైంతా నీకు తెలుసు కదా, మంగళవారం అల్లికల క్లబ్బు నడిపేది. వాళ్ళు ఆరుగురు కలిసి ‘కొండ కాపరి’ ఒక్కటి కొన్నారు. వారానికొక ఇంటికి డిస్క్ మారుతుంది. ఇంకొకరి ఇంటికి వెళ్ళేలోపు ఎవరు ఎన్ని గొర్రెలు పోగొట్టుకున్నారో చెప్పి తీరాలి. ఆరిళ్ళలోనూ నీ గేమే నడిచింది. బైంతా అయితే, ‘ఈ కుర్రాడు గొర్రెల్ని ఎరిగినవాడే’ అంది. నాకు ఒళ్ళు పులకరించింది.

మీ బావ ఓడ ఇంకా ఉత్తరాన బారెంట్స్ సముద్రంలోనే ఉంది. ఈస్టరుకి వస్తాడట. వచ్చాక రెండు రోజులు నిద్రపోయి మూడో రోజు నుంచి నా పనికి వంకలు పెడతాడు.

నీ
జలగక్క


కోపెన్‌హాగెన్,
20 మార్చి 2011

అక్కా,

నిన్ను అనలేదు. నిన్ను అనాలని కలలో కూడా అనుకోలేదు. మీటింగ్‌లో నోరు జారింది, దాన్ని నీకు రాయడం ఇంకా బుద్ధి తక్కువ. క్షమించు.

కానీ నువ్వు సంతోషించమన్న చోట నాకు సంతోషం కలగలేదు. కోపగించుకోకుండా చదువు. ఆరిళ్ళు అని నువ్వు మురిసిపోతున్నావు. నాకు మాత్రం ఒక్క డబ్బా కనిపిస్తోంది. ఆ మిగతా అయిదూ అమ్ముడై ఉంటే అని లెక్క వేసుకోకుండా ఉండలేకపోతున్నాను. కంపెనీ వాళ్ళకి బైంతా మెచ్చుకోలు వినపడదు. వాళ్ళకి మన ఊళ్ళో ఒకే ఒక్క మనిషి ఆ గేమ్ ఆడినట్టు లెక్క. మెచ్చుకోళ్ళతో కడుపు నిండదు కదక్కా. స్వెట్టరు వాడేకొద్దీ పాతబడుతుంది, మోచేతుల దగ్గర చిరుగుతుంది. డిస్క్ అలా కాదు, ఆరో ఇంటికి కూడా మొదటి ఇంటికి వెళ్ళినంత కొత్తగానే వెళుతుంది. మా కొత్త డబ్బాకి పోటీ మా పాత డిస్కే.

ఈ నెలలో ఇద్దరిని తీసేశారు. బొమ్మలు గీసే అతనికి చంటి పిల్ల ఉంది. అతను బల్ల ఖాళీ చేస్తుంటే ఏం మాట్లాడాలో తెలియక అతని మొక్కకి నీళ్ళు పోస్తానని చెప్పాను. ఇప్పుడు ఆ మొక్క నా బల్ల మీద ఉంది, ఎండిపోతోంది.

పాత సరుకు అమ్మడం మానెయ్యమని నిన్ను అడగలేను. అది నీ బతుకుతెరువు. అక్కవి కాబట్టి అసలే అడగలేను. ఏదో చెప్పుకోవాలనిపించి రాశానంతే.

నా సైకిల్ ఎవరో ఎత్తుకుపోయారు. అదీ సెకండ్‌హ్యాండ్‌దే, నవ్వుకో.

రోయి


క్లాక్స్‌విక్,
1 మే 2011

రోయీ,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని కోపం తెచ్చుకున్నానని అనుకుని ఉంటావు. తెచ్చుకున్న మాట నిజమే. వారం ఉండి పోయింది. తర్వాత బావ వచ్చాడు, ఆయనతో కలిసి ఒక పని చేశాను.

వెనక సగంలోని పాత సరుకు అరలు పీకించేశాను. అద్దానికి అంటించిన ‘పాత గేమ్‌లు కొంటాం’ అన్న కాగితం చింపేశాను. ఇక నుంచి ఈ కొట్లో కొత్త డబ్బాలే. ఉన్న పాతవన్నీ ఒక్క మొత్తంగా రాజధాని టోర్షవ్న్‌లో ఒక కొట్టువాడికి అమ్మేశాను. నీ గేమ్‌కి నలభై డబ్బాలు కావాలని ఇప్పుడే చెప్పి పెట్టాను. మన ఊరికి నలభై అంటే తక్కువ కాదు. సరఫరా చేసే ఆయన రెండుసార్లు అడిగాడు, నాలుగా అని.

నువ్వు అడగలేదు, నాకు తెలుసు. అడగలేనని రాశావు చూడు, అక్కడే అర్థమైంది. నలుగురిలో నువ్వు నోరు తెరిచి సాయం అడిగే రకం కాదు, చిన్నప్పుడు నీళ్ళలో పడ్డా కేక వెయ్యలేదు. చంటిపిల్ల తండ్రి మొక్క సంగతి చదివాక నాకు తిండి సహించలేదు. ఈసారి బల్ల ఖాళీ చేసే వంతు నీది కాకూడదు. నాకు కావలసింది అంతే.

బైంతా అరలు లేకపోవడం చూసి, ‘మర్యున్, నీకేమైనా పిచ్చి పట్టిందా?’ అంది. తమ్ముడి కోసం అన్నాను. ఊలు తీసుకుని, చిల్లర వదిలేసి వెళ్ళింది. ఆవిడ చిల్లర వదిలి వెళ్ళడం నేను ఇదే చూడటం. బావ కూడా అరలు ఊడదీస్తూ, ఇలాంటి పనులు ఓడ మీద చేస్తే వలతో పాటు నిన్నూ సముద్రంలో వేస్తారు అన్నాడు. ఆయన మాటలకేం.

వాన కురుస్తూనే ఉంది. ఇంటి కప్పు మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది, గొర్రెని ఎక్కించాలేమో.

అక్క
మర్యున్


కోపెన్‌హాగెన్,
12 ఆగస్టు 2011

అక్కా,

మూడు నెలలు ఆలస్యంగా రాస్తున్నాను. పగలూ రాత్రీ తేడా తెలియకుండా పని. ఆఫీసులోనే పడుకుంటున్నాం, ఒళ్ళంతా తివాచీ వాసన.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. నువ్వు చేసిన పనికి ఏం రాయాలో తెలియక కూడా ఆలస్యమైంది. వద్దని రాయాలి, న్యాయంగా. రాయలేకపోతున్నాను. చదివినప్పుడు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఈ గేమ్ గెలవాలని నాతో సమానంగా కోరుకునే మనిషి ఒకరున్నారనిపించింది.

కాస్పర్‌కి చెప్పాను, మా అక్క కొట్లో పాత సరుకు అరలే తీసేసిందని. అతను గడ్డం గోక్కుని, ‘మరి మీ ఊరివాళ్ళు కొత్తవి దేంతో కొంటారు?’ అన్నాడు. డబ్బుతో అన్నాను. అందరూ నవ్వారు. అతనికి ప్రతిదానికీ ఒక సందేహం ఉంటుంది, అందుకే అతని గేమ్‌లు మూడేళ్ళు పడతాయి.

ఆఖరి దీవి పూర్తయింది. అది నేను ఒక్కడినే కట్టాను. నీకు కూడా చెప్పను, ఆడి చూడాలి. అందులో టపా మనిషి దగ్గర ఒక్క ఉత్తరమే మిగిలి ఉంటుంది, అది ఎవరికో ఎవరికీ తెలియదు. ఇంతకు ముందు ఇంత బాగా ఏదీ చేయలేదు, ఇకముందు చేస్తానో లేదో కూడా తెలియదు. తాళం పెట్టింది కూడా దానికే. జనం డబ్బిచ్చి చూడదగ్గది అదొక్కటే అనిపించింది.

బైంతాతో చెప్పు, ఇందులో గొర్రెలు తక్కువ, అలలు ఎక్కువ అని.

నీ రోయి


క్లాక్స్‌విక్,
9 అక్టోబరు 2011

రోయీ,

నీ గేమ్ వచ్చింది. నలభై డబ్బాలూ పోయాయి. నువ్వేమీ దిగులు పెట్టుకోకు.

మీ బావ ఈ వారం గొర్రెల కోతకి ఆయన అన్నగారి ఊరు వెళ్ళాడు. నేను గొర్రె పొట్ట సంచుల్లో రక్తం కూరి సాసేజీలు కుడుతూ కూర్చున్నాను, వేళ్ళకి సూది గుచ్చుకుని ఉత్తరం వంకర్లు పోతోంది. ఈసారి మాంసం పంపేటప్పుడు రెండు పొరల సంచిలో పంపుతాను, మీ పై అంతస్తావిడ కోసం. చర్చి కప్పు పెంకులు గాలికి లేచిపోయాయి. పాస్టరు నిచ్చెన ఎక్కి తానే వేస్తానంటే భార్య నిచ్చెన దాచేసింది.

కొట్టు బాగానే ఉంది. ఊలు కొంచెం తక్కువ తెప్పించాను ఈ చలికాలానికి. ఎప్పుడూ ఎక్కువైపోతోంది.

గేమ్ గురించి ఊళ్ళో అందరూ బాగుందంటున్నారు.

అక్క
మర్యున్


కోపెన్‌హాగెన్,
27 నవంబరు 2011

అక్కా,

ఒక సంగతి నిజం చెప్పాలి నువ్వు. నా మొహం చూడకుండా రాయవచ్చు కాబట్టి నిజమే రాయి.

అమ్మకాలు అనుకున్నంత లేవు. మరీ అన్యాయమూ కాదు, అటూ ఇటూ కాకుండా ఊగుతున్నాయి. నిన్న కంపెనీ నుంచి ఒకతను వచ్చి, ఏ ఊరికి ఎన్ని డబ్బాలు వెళ్ళాయో, ఆ ఊళ్ళో ఎన్ని కోడ్‌లు కొట్టారో గోడ మీద చూపించాడు. నేను పెట్టిన తాళం వల్లే ఆ లెక్క తెలుస్తుంది. మిగతా ఊళ్ళ గొడవ నాకెందుకు, నేను మన ఊరినే వెతుక్కున్నాను. నలభై డబ్బాలు వెళ్ళాయి. కోడ్ కొట్టినవాళ్ళు ముగ్గురు.

మొదట తాళం చెడిపోయిందనుకున్నాను. రాత్రంతా పరీక్షించాను, బాగానే ఉంది. అంటే ముప్పై ఏడు మంది డబ్బు పెట్టి కొనుక్కుని, ఆఖరి దీవిదాకా రాకుండానే ఆపేశారు. వేరే ఊళ్ళలో ఇలా లేదక్కా. మన మంచు, మన రేవు, మన అలలు పెట్టి చేసిన గేమ్ మన ఊరివాళ్ళకే విసుగొచ్చింది. అందులో వాళ్ళకి ఏదో అబద్ధంగా తోచిందేమో. నేను వచ్చేసి పద్నాలుగేళ్ళయింది కదా, మర్చిపోయి ఏదో పిచ్చి గీతలు గీశానేమో. మూడేళ్ళు దేనికోసం చేశానో అర్థం కావడం లేదు.

అందరూ బాగుందంటున్నారని రాశావు. నన్ను ఓదార్చకు. బైంతా ఎక్కడ ఆపేసింది? ఎందుకు ఆపేసింది? ఆవిడ మాటల్లోనే రాయి, ఎంత కటువుగా ఉన్నా సరే.

రోయి


క్లాక్స్‌విక్,
4 డిసెంబరు 2011

రోయీ,

బైంతా ఎక్కడా ఆపలేదు. మొదలే పెట్టలేదు. కొనలేదు.

నీ ఉత్తరం చదివి నాకు ఏడుపొచ్చింది. అబద్ధం చెప్పినందుకు కాదు, ఆ అబద్ధం తిరిగి నిన్నే పొడిచినందుకు. నీ గేమ్ విసుగని ఎవరూ అనలేదు, దాన్ని చూసినవాళ్ళే లేరు. నలభైలో మూడు అమ్ముడయ్యాయి. డాక్టరుగారు ఒకటి, బ్యాంకులో పనిచేసే ఆయన ఒకటి, తన భార్యకి మన అమ్మంటే ఇష్టమని పాస్టరు ఒకటి. మిగతా ముప్పై ఏడూ ఊలు బీరువాలో ఉన్నాయి.

గేమ్ వచ్చిన రోజు ఏం జరిగిందో రాస్తాను. తలుపు తీసేసరికి గుమ్మంలో మనుషులున్నారు. అందరి చేతుల్లో సంచులు. అరలు తీసేశానని తెలిసినా, నా మాట నాలుగు రోజుల ముచ్చట అనుకున్నారు. బైంతా ముందు నిలబడింది, క్లబ్బులో ఆరుగురి సంచులూ తనే మోసుకొచ్చింది. ఈసారి ఒకటి కాదు, ఇంటికొకటి చొప్పున ఆరు కొత్తవి కావాలంది. ఒక్కో డబ్బాతో ఆఖరి దీవి ఒక్క ఇంట్లోనే తెరుచుకుంటుందని విని తనే అందరినీ ఒప్పించిందట. పాతవి తీసుకోనన్నాను. ఆవిడ డబ్బా చేతిలోకి తీసుకుంది, వెనక రాసింది చదివింది, బల్ల మీద పెట్టింది. ‘సంచిలో ఉన్నదే నా డబ్బు, మర్యున్. నువ్వు నా డబ్బు చెల్లదంటున్నావు’ అంది. వాళ్ళంతా అలాగే వెళ్ళారు. తర్వాత ఊలు కూడా టోర్షవ్న్‌లో కొనుక్కోవడం మొదలుపెట్టారు.

అమ్ముడుకాని డబ్బాలు నెలలోపు తిరిగి పంపవచ్చు. పంపితే నీ లెక్కలోంచి తీసేస్తారని సరఫరా చేసే ఆయన చెప్పాడు. అందుకే పంపలేదు. చలికాలం ఊలుకి పెట్టాల్సినది వాటికే కట్టాను. ముప్పై ఏడుతో నీ ఉద్యోగం నిలబడుతుందా అంటే, నిలబడదని నాకూ తెలుసు. చేతిలో ఉన్నది అదే, చేశాను. మళ్ళీ ఆ రోజే వస్తే మళ్ళీ ఇదే చేస్తానేమో, సిగ్గేమీ లేదు.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. పాత సరుకు నీకు పోటీ అన్నావు. మన ఊళ్ళో అది జనం పర్సు. నువ్వూ నేనూ కలిసి వాళ్ళ పర్సు లాక్కుని, కొనుక్కోండి అన్నాం.

బావకి ఇంకా తెలియదు. ఊలు బీరువా ఆయన తెరవడు.

అక్క


కోపెన్‌హాగెన్,
15 జనవరి 2012

అక్కా,

మా గేమ్‌ల స్టూడియో మూసేశారు. మొన్న శుక్రవారం. కంపెనీ నుంచి ఇద్దరు వచ్చి, కాఫీ తాగి, చెప్పి వెళ్ళారు. కాస్పర్ అందరితో చేతులు కలిపాడు. ఏడవలేదు, కానీ కోటు వేసుకుంటూ దాని ఎడమ చేతిలో కుడి చెయ్యి దూర్చి, మళ్ళీ తీసి వేసుకున్నాడు.

నీ వల్ల కాదు. నీ ముప్పై ఏడు డబ్బాలు కలిపినా తీసేసినా అక్కడి అంకె మారేది కాదు. పాత సరుకు కొట్ల వల్లా అని అడిగితే, కొంత అవును. ఆ రెయిన్‌కోటు ఆయన లాంటివాళ్ళు చాలామందే ఉన్నారు, అది అబద్ధమని నేను ఇప్పటికీ అనను. కొంత నా తాళం వల్ల. చివర ముక్క కోసేసి అమ్ముతున్నారని జనం తిట్టుకున్నారు, తిరిగి అమ్మితే ఎవరూ కొనరని కొత్తది కొనడమే మానేశారు. బైంతా లాంటివాళ్ళు ఇక్కడ కూడా ఉన్నారు, మేం వాళ్ళని ఎప్పుడూ లెక్కపెట్టలేదు. కాస్పర్ సందేహానికి ఆ రోజు నవ్వాను. నీ ఉత్తరం చదివాక వెళ్ళి అతనికి క్షమాపణ చెప్పాను.

నీ మీద ఒక రోజంతా కోపం వచ్చింది, అబద్ధం చెప్పావని. రెండో రోజు పోయింది. నా గేమ్ విసుగు కాదని తెలిసినందుకు ఎంత తేలికైందో నీకు చెప్పలేను. ఉద్యోగం పోయినవాడు ఇలా రాయడం వింతే, కానీ నిజం.

ఇప్పుడు అసలు పని. జాగ్రత్తగా చదువు. కోడ్ కొడితే సరి చూసే సర్వర్‌ని కంపెనీ మార్చి ఆఖరున ఆపేస్తోంది. ఖర్చు దండగట. ఆ తర్వాత ఏ కోడూ పనిచేయదు. కొత్త డబ్బా కొన్నవాళ్ళకి కూడా ఆఖరి దీవి తెరుచుకోదు, డబ్బు కట్టినా తెరుచుకోదు. తాళం తీసేసి అందరికీ వదిలేద్దామని అడిగాను. మళ్ళీ పరీక్షలు, మళ్ళీ ఖర్చు, వద్దన్నారు. నేను వేసిన తాళమే, తీయడానికి నాకు అధికారం లేదు.

అందుకని బీరువా తెరువు. అరలు మళ్ళీ పెట్టించు. ఎవరు ఏ పాతది తెస్తే అది తీసుకుని ఆ డబ్బాలు ఇచ్చెయ్యి. ఏమీ తేనివాళ్ళకి ఊరికే ఇవ్వు, ఆ ఊలు డబ్బు నేను కడతాను. మార్చి లోపల చీటీ కోడ్ కొట్టమని ఒక్కొక్కరికీ చెప్పు. ఒకసారి తెరుచుకున్న మెషీన్‌లో ఆఖరి దీవి ఎప్పటికీ ఉండిపోతుంది. నా పని చూసినవాళ్ళు మన ఊళ్ళోనైనా కొందరు ఉండాలి.

రోయి


క్లాక్స్‌విక్,
22 ఏప్రిల్ 2012

రోయీ,

ఉద్యోగం దొరికిందని విన్నాను. ఓడ టిక్కెట్ల లెక్కలు చూసే పని అని బావ చెప్పాడు. జీతం ముందుకన్నా ఎక్కువట కదా. సంతోషంగా ఉన్నావా అని నేను అడగను, నువ్వు చెప్పకు.

అరలు మళ్ళీ పెట్టించాను. బావ మేకులు కొడుతూ బీరువా సంగతి అంతా విని, సుత్తి కింద పెట్టి నవ్వాడు. నేనే బైంతా ఇంటికి వెళ్ళి చెప్పాను. గుమ్మంలో నిలబెట్టే మాట్లాడింది. ‘ఇప్పుడు నా డబ్బు చెల్లుతుందా?’ అంది. చెల్లుతుందన్నాను. అప్పుడు లోపలికి రమ్మంది. డబ్బాలన్నీ పోయాయి. ఈసారి నిజంగా పోయాయి. నువ్వు పంపిన డబ్బు తిరిగి పంపుతున్నాను, సరిపడా పాత సరుకు వచ్చింది, టోర్షవ్న్ నుంచి కూడా వచ్చి కొంటున్నారు.

చీటీలు అందరూ కొట్టలేదు. కొందరు పారేశారు, ఒకరిది గొర్రె నమిలింది. మార్చి ఆఖరు రోజున బైంతా ఫ్యాక్టరీలో పని వదిలి ఇల్లిల్లూ తిరిగి మిగిలినవాళ్ళ చేత కొట్టించింది. మీ కంపెనీ వాళ్ళు సర్వర్ ఎప్పుడు ఆపారో తెలీదు గానీ, ఆవిడ మాత్రం చివరి ఇంటిదాకా వెళ్ళింది.

ఆఖరి దీవి నేనూ చూశాను, బైంతా ఇంట్లో క్లబ్బువాళ్ళతో కలిసి. ఆ ఉత్తరం ఎవరికో నాకు ముందే తెలిసిపోయింది. అందరి ముందు ఏడవలేక, చలి అని చెప్పి వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ కిటికీ దగ్గర కూర్చునే తీరు నీకు ఇంత గుర్తుందని నాకు తెలీదు.

నిన్న రునవిక్ ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. ఎవరో నాకు తెలియదు, రొట్టెల కొట్లో పనిచేస్తుందట. నా అరలోంచి నీ గేమ్ పాతది ఒకటి కొనుక్కెళ్ళి ఉంది. ఆఖరి దీవి దగ్గర ఆగిపోయిందని, ఏం చేస్తే తెరుచుకుంటుందని అడగడానికి బస్సెక్కి వచ్చింది. ఏం చేసినా తెరుచుకోదని చెప్పాను. ఆవిడ మొహం చూడలేక కొట్టు కట్టేసి బైంతా ఇంటికి తీసుకెళ్ళాను. ఇకమీదట అలాంటివాళ్ళందరినీ అక్కడికే పంపుతాను, ఆవిడ ఇంట్లో దీవి తెరిచే ఉంది కదా. బైంతా టీ ఇచ్చి, మెషీన్ వేసి, రిమోట్ ఆవిడ చేతిలో పెట్టి తను అల్లుకుంటూ కూర్చుంది. ఒక్కసారి కూడా దారి చెప్పలేదు.

అయిపోయాక తెర మీద గేమ్ చేసినవాళ్ళ పేర్లు వచ్చాయి. నీ పేరు రాగానే బైంతా సూదితో చూపించి, ‘ఇతను ఈవిడ తమ్ముడు’ అంది. రునవిక్ ఆవిడ నా వైపు తిరిగింది. పాతది కొన్నందుకు నీకేమీ ముట్టలేదని ఎవరో చెప్పారట, అది మనసులో పెట్టుకుంది. మీ తమ్ముడి తర్వాతి గేమ్ ఎప్పుడొస్తుంది, ఈసారి కొత్తదే కొంటాను అంది.

రాదని చెప్పాను.

అక్క
మర్యున్